అంకెల వరుసయు, అక్షరముల వరుసయు



నేడు నేను చెప్పదలచినది చూపునకు మిక్కిలి చిన్న విషయము. ధరలను తక్కువనుండి యెక్కువకు వరుసగా పేర్చుట యెట్లు? పదియేండ్ల బాలుడు చేయగల పనికి ప్రసంగమెందులకని మీరనవచ్చును. కాని యిపుడు ఆ పనిని మనకు బదులు యంత్రము చేయుచున్నది. అది తప్పు పేర్చినచో నష్టపడువారము మనమే.

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములనుండి విజయవాడ రహదారిమీదుగా హైదరాబాదునకు వచ్చువారిలో పెక్కుమంది ఎల్బీ నగరులో దిగుదురు. దాని చేరువనున్న దిల్‌సుఖ్‌నగరు పోటీపరీక్షలకు శిక్షణమిచ్చు సంస్థలకును, విద్యార్థుల వసతిగృహములకును పేరుపొందినది. 2018 సెప్టెంబరు 24వ తేదీన ఎల్బీ నగరువరకు మెట్రో రైలు వచ్చిన పిదప మియాపూరుదాక ఒకే బండిలో పోవచ్చును. మనుమనికో, మనుమరాలికో అక్కడ గది కావలసినప్పుడు, ఊరు కదలకముందే ఫోనులో అద్దెగదుల పట్టిక చూచుట నేడు పల్లెలలో సైతము వాడుకయైనది. ఆ పట్టికపై "తక్కువ ధర మొదట" అను మీట యుండును. దానిని నొక్కి, మొదటి పుటలో కనబడినదే మిక్కిలి చౌకయని నమ్ముదుము.

నేను ఇట్టి పట్టికలను సరిచేయు వృత్తిలో నున్నవాడను. ఆ ప్రాంతపు పట్టిక యొకటి నాయొద్దకు వచ్చినది. మీట నొక్కగా గదుల అద్దెలు ఈ విధముగ నిలిచినవి: 10,000, 12,500, 4,500, 6,000, 8,000. చూడుడు, ఇందు క్రమము లేకపోలేదు. ఐతే అది అంకెల క్రమము కాదు, అక్షరముల క్రమము.

నిఘంటువును తెరచినచో ఈ సంగతి తెలియును. శబ్దరత్నాకరములోగాని, 1852లో వెలువడిన బ్రౌను దొరగారి నిఘంటువులోగాని 'అరటిచెట్టు' అను పెద్ద మాట 'ఆవు' అను చిన్న మాటకంటె ముందుండును. అక్కడ మాట పొడవుతో పనిలేదు. మొదటి అక్షరము ఏది ముందు, అది సమానమైనచో రెండవది ఏది ముందు, అని మాత్రమే చూతురు. కంప్యూటరు ధరను మాటగా నెంచినప్పుడు ఇదే చేయును. 10,000 లో మొదటిది 1. 4,500 లో మొదటిది 4. ఒకటి నాలుగుకంటె ముందు గనుక పదివేలు నాలుగువేల యైదువందలకంటె ముందు నిలుచును.

అంకెల పద్ధతి వేరు. ఇందు స్థానమే ప్రధానము. ఒకట్లు, పదులు, వందలు, వేలు అని యెడమకు జరిగినకొలది విలువ పదిరెట్లగును. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసినాడు. అనగా సంఖ్యాస్థానముల లెక్క మన భాషకు క్రొత్తది కాదు. పద్దుపుస్తకము వ్రాసిన మీకు వేలగడిలోని నాలుగు పదివేలగడిలోని ఒకటికంటె చిన్నదని యెవరును చెప్పనక్కరలేదు. యంత్రమునకు మాత్రము చెప్పవలెను.

దీనివలన కలుగు చెరుపేమి? ఫోను తెరపై ఒక పుటకు ఇరువది గదులు కనబడుననుకొందము. పదివేలు మొదలు పందొమ్మిదివేలవరకు గల గదులన్నియు ముందు వచ్చి మొదటి పుటలను నింపును. నెలకు అయిదువేలు మాత్రమే ఇచ్చుకొనగల కుటుంబపు పెద్ద రెండు పుటలు చూచి, పట్నములో పదివేలకు తక్కువ గది లేదని నిశ్చయించుకొని, మనుమరాలి చదువే మానిపింపవచ్చును. గది యున్నది, అద్దె అందుబాటులో నున్నది, అయినను అది అయిదవ పుటలో దాగియున్నది. పట్టిక మూతపడినచో తప్పు తెలియును. తలక్రిందుగా పేర్చిన పట్టిక చక్కగానే కనబడును గనుక దానిని ఎవరును శంకింపరు.

ఇక సరిచేయు విధము. మొదట ధరను మాటల గడినుండి తీసి సంఖ్యల గడిలో నుంచవలెను. 'రూ.' అను గుర్తు, కామా, 'నెలకు' అను మాట, ఇవి కంటికి కావలసిన అలంకారములు. చూపునప్పుడు చేర్చిన చాలును. కొందరు తొందరపడి కామాలు తీయకయే మాటను సంఖ్యగా మార్చుమందురు. అప్పుడు కొన్ని కంప్యూటరు భాషలు కామాయొద్దనే ఆగిపోవును. 12,500 పండ్రెండుగా మిగులును. కామా లేక వ్రాసిన 8000 దానికంటె పెద్దదై వెనుకకు పోవును. మరికొందరు 04500 అని ముందు సున్న చేర్తురు. అంకెల సంఖ్య అన్నింట సమానముగ నున్నంతవరకు ఇది సాగును. లక్ష వచ్చిన నాడు మరల చెడును.

రెండవది కొలత. ఇండ్ల అమ్మకపు పట్టికలో ఒకరు '85 లక్షలు' అనియు, వేరొకరు '1.2 కోట్లు' అనియు వ్రాయుదురు. మాటలు తీసివేసి 85, 1.2 అని మాత్రము మిగిల్చినచో కోటి యిరువది లక్షల యిల్లు చౌకదగును! రెండింటిని రూపాయలలోనికి మార్చి 85,00,000 అనియు, 1,20,00,000 అనియు ఉంచవలెను. గజము ధరను మొత్తము ధరతోను, దినపు అద్దెను నెలయద్దెతోను ఒకే గడిలో కలుపరాదు.

మూడవది తెలుగు అంకెలు. కంప్యూటరు ప్రతి గుర్తునకు ఒక సంఖ్య నిచ్చును. 0 మొదలు 9 వరకు గల అంకెలకు 48 మొదలు 57 వరకును, మన ౦ మొదలు ౯ వరకు గల అంకెలకు 3174 మొదలు 3183 వరకును నిర్ణయమైనవి. కావున మాటగా నెంచినప్పుడు ౪,౫౦౦ అని వ్రాసినవాని గది 9,000 గదికిని వెనుకనే నిలుచును. తెలుగున వ్రాసినవానికి ఇది అన్యాయము. రెండు విధముల అంకెలను ఒకే సంఖ్యగా చదువునట్లు చేయవలెను. చివరిది, ధర వ్రాయని గది. దానిని సున్నగా నెంచినచో అది అన్నిటికంటె ముందు కూర్చుండును. అట్టివానిని పట్టిక చివర వేరుగా నుంచుట న్యాయము.

పెద్దలారా, ఈ తప్పును కనిపెట్టుటకు యంత్రవిద్య అక్కరలేదు. 9, 10, 100 అనువానిని వరుసగా పేర్చుమనుడు. 10, 100, 9 అని వచ్చినచో అది అక్షరముల వరుస. మీ పిల్లలు గది వెదకునప్పుడు మొదటి పుటతో తృప్తిపడక చివరి పుటను గూడ తెరచి చూడుమని చెప్పుడు. పదివేల తరువాత నాలుగువేలు కనబడినచో పట్టిక నడుపువారికి వెంటనే తెలియజేయుమనుడు. మీ యింటినే అద్దెకు ప్రకటించునప్పుడు ధరగడిలో రూపాయలసంఖ్యను మాత్రమే వ్రాయించి, తక్కిన మాటలను వివరముల గడిలో వ్రాయించుడు.