వతన్ ఇక్కడ, రోజీ అక్కడ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం "దేశభక్తి ముఖ్యమా, విదేశాల్లో మంచి బతుకు ముఖ్యమా?" అని. చూడబోతే బడిపిల్లల వక్తృత్వ పోటీ లాగా ఉంది. కాని కొడుకునో, అల్లుణ్ణో, తమ్ముణ్ణో సౌదీకో దుబాయికో పంపని ఇంటివారు చెయ్యెత్తండి అంటే ఈ సభలో లేచే చేతులు తక్కువే. కాబట్టి ఇది మన ఇంటి విషయం. పైగా ఈ ప్రశ్న మనకు రెండు వైపుల నుండి వస్తుంది. బయట కొందరు "మీ మనసంతా అరబ్బు దేశాల మీదనే" అంటారు. ఇంట్లో పెద్దలేమో "గంజి తాగినా పుట్టిన గడ్డ మీదనే తాగాలె" అంటారు. ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కావు. ఎందుకో మనవి చేస్తాను.

పరకాలలో నిలబడి దేశభక్తి గురించి తేలికగా మాట్లాడరాదు. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గాని మన నిజాం సంస్థానానికి రాలేదు. ఆ సెప్టెంబర్ 2న ఇక్కడ జాతీయ జెండా ఎగురవేద్దామని చుట్టుపక్కల పల్లెల జనం తరలివస్తే నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయినయి. మన ఊరి అమరధామం వారి గుర్తే. ఈ కథ చెప్పేటప్పుడు మనలో కొందరు తల వంచుకుంటారు. వంచుకోనక్కరలేదు, కథను దాచనూ అక్కరలేదు. ఆ రజాకార్లకు ఎదురు నిలిచి రాసిన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మన పాత వరంగల్ జిల్లాలో, మహబూబాబాద్ వైపు పుట్టినవాడే. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో ఆయనను నరికి చంపారు.

ఆ తర్వాత నెలలోనే సంస్థానం కలిసిపోయింది. హైదరాబాదు నుండి కొందరు కరాచీ దారి పట్టారు. అది దేశం మారడం. మన తాతలు పోలేదు. భయం లేక కాదు. భయం ఉన్నా పోలేదు. వారి మనవల దేశభక్తికి ఇవాళ ఎవరో వచ్చి పరీక్ష పెడతామంటే, ఆ పరీక్ష మా తాతలు ఎప్పుడో రాసేశారని చెప్పండి, చాలు.

ఇక గల్ఫ్ సంగతి. 1973లో చమురు ధరలు పెరిగినంక అక్కడ రోడ్లు, ఓడరేవులు, మేడలు లేచినయి. వాటికి మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు కావలసి వచ్చింది. ఇక్కడ మగ్గం మీద, కిరాయి పొలం మీద పూట గడవని మనిషి పోయిండు. ఒక్క మన కౌమ్ వాళ్లే పోలేదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుండి అన్ని కులాల వాళ్లూ పోయినరు. ఇది దేశం మారడం కాదు, పని చోటు మారడం. ఆ దేశాలు కూలికి, మేస్త్రీకి పౌరసత్వం ఇయ్యవు. ముప్పై ఏండ్లు అక్కడి ఇసుకలో చెమట కార్చినవాడు కూడా మన పాస్‌పోర్టుతోనే తిరిగి వస్తాడు. అమెరికా పోయి అక్కడి పౌరసత్వం తీసుకునేవాడు మాత్రం మన పౌరసత్వం వదులుకోవాలె, రెండూ ఉంచుకోనియ్యదు మన చట్టం. "ఉంటవా, పోతవా" అనే ప్రశ్న నిజంగా ఎదురయ్యేది అతనికి. దుబాయి పోయినోనికి ఆ ప్రశ్నే లేదు. చిత్రమేమంటే, అమెరికా వానికి సన్మానం, దుబాయి వానికి అనుమానం!

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్నప్పుడు అక్కడ చిక్కుకున్న మనవాళ్లను లక్షా డెబ్బై వేల మందికి పైగా మన దేశం వెనక్కి తెచ్చుకుంది. చాలామంది జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి అక్కడి నుండి విమానాలెక్కారు. "పొమ్మని మేము చెప్పినమా" అని ఎవ్వరినీ అడుగలేదు. పోయినవాడు దేశానికి రుణపడ్డాడంటే ఇందుకు. ఇంటికి రూపాయి పంపుతున్నా కదా, నా రుణం తీరింది అనేవారితో నేను ఏకీభవించను. ఆ 1990-91లోనే విదేశాల్లోని భారతీయుల డిపాజిట్లు మన బ్యాంకుల నుండి తరలిపోయి దేశం మరింత ఇరుకున పడింది. డబ్బు ఎటు లాభముంటే అటు పోతుంది.

మన హైదరాబాదు ఆబిద్ హసన్ జర్మనీకి పోయింది ఇంజనీరింగు చదవడానికి. అక్కడ నేతాజీని కలిసి, చదువు పక్కన పెట్టి, 1943లో ఆయన వెంట జలాంతర్గామిలో మూడు నెలలు ప్రయాణించాడు. "జై హింద్" అనే పలకరింపు ఆయన ఇచ్చిందే అంటారు. దూరం పోయినంత మాత్రాన దేశం మనసులోంచి పోదు.

మరి మన దగ్గర లోపం ఎక్కడుంది? నా దృష్టిలో పోయేవాని దగ్గర లేదు, పంపేవాని దగ్గర ఉంది. విజిట్ వీజా చేతిలో పెట్టి "అక్కడ పని చూసుకో" అనే ఏజెంటు, "ఆజాద్ వీజా" అని లక్షలు గుంజేవాడు, వీళ్లు మన మధ్యనే తిరుగుతున్నరు. లెక్క వేసి చూడండి. లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు నాలుగున్నర వేలు. రెండేండ్ల వీజా అయిపోయే నాటికి మిత్తే లక్షా ఎనిమిది వేలు. కఫీల్ జీతం ఇయ్యకపోతే పిల్లవాడు బయటికి పోయి కల్లివెల్లి అవుతాడు. అప్పుడిక ఇంట్లో మయ్యత్ అయినా రాలేడు. ఇక్కడ భార్య, తల్లి ఫోను పట్టుకొని కూర్చుంటారు. భార్యాపిల్లలను అక్కడికే తీసుకుపోదామంటే, సౌదీ 2017లో తలకు నెలకు నూరు రియాళ్లు పెట్టి 2020 నాటికి నాలుగు వందలు చేసింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు పన్నెండు వందల రియాళ్లు! కుటుంబాలు తిరిగి వచ్చినయంటే రావా?

కాబట్టి తమ్ముళ్లారా, పోవాలనుకుంటే పోండి, ఎవ్వరికీ సంజాయిషీ ఇయ్యకండి. కాని తెలిసి పోండి. ఏజెంటు పేరు ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. పదో తరగతి పాస్ కాని వారికి తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోండి. ప్రమాదంలో పోతే ఇంటికి పది లక్షలు వస్తయి. 2011 నుండి విదేశాల్లో ఉన్నవారు కూడా ఫారం 6ఏ నింపి ఓటరు జాబితాలో పేరు ఉంచుకోవచ్చు. ఓటు వేయాలంటే మాత్రం ఊరికి రావాలె. ఎన్నికలప్పుడు సెలవు దొరికితే రండి.

ఇక్కడున్న పెద్దలకొక మాట. పిల్లలను ఉండమనే హక్కు మనకు కావాలంటే ఉండడానికి పని చూపాలె. ఈ ఏడు సంఘం నిధిలో కొంత భాగం ఐటీఐ, పాలిటెక్నిక్ ఫీజులకు, ఆడపిల్లల డిగ్రీ చదువులకు కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాను. గల్ఫ్ నుండి చందా పంపే సోదరులు షాదీ విందుల్లో తగ్గించి ఇందులో పెంచితే సంతోషం. వీజా కాగితం అరబ్బీలో వచ్చి అర్థం కాకపోతే, సంతకం పెట్టకముందే సంఘం కార్యాలయానికి తెండి. చదివి చెప్పెటోళ్లు మనలో ఉన్నరు.