గమ్యరేఖ దాటిన తరువాత



జనవరి వచ్చిందంటే ముంబయి నగరానికి మారథాన్ కాలం వచ్చినట్లే. 2004లో ఆరంభమైన ఈ పరుగు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ వద్ద తెల్లవారకముందే మొదలవుతుంది. తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన వర్లీ మీదుగా ఆ మార్గం సాగుతుంది. దూరం 42.195 కిలోమీటర్లు. అందుకోసం నెలల తరబడి సాధన చేసేవారు సైతం గమ్యం చేరిన తరువాతి దినాలను గురించి ఆలోచించడం అరుదు. సాధనకు వేసుకున్నంత శ్రద్ధతోనే కోలుకోవడానికీ ముందుగా ప్రణాళిక వేసుకోవాలి.

గమ్యరేఖ దాటగానే కూలబడాలనిపిస్తుంది. పరుగెత్తేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి, గుండె వైపు నెడుతూ ఉంటాయి. కాళ్లు ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచి, రక్తపోటు పడిపోయి, కళ్లు తిరుగుతాయి. కనుక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవడం మేలు. అప్పటికీ కళ్లు తిరిగితే వెల్లకిలా పడుకొని కాళ్లను ఎత్తున ఉంచుకోవాలి.

దాహం తీరడం ఒకటి, అతిగా నీరు త్రాగడం మరొకటి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షించగా, 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదానికంటే తగ్గినట్లు తేలింది. పరుగులో బరువు తగ్గడానికి బదులు పెరిగినవారిలో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. చెమటతో ఉప్పు పోగా, మితిమీరిన నీరు మిగిలిన ఉప్పును పలుచన చేస్తుంది. దాహమైనంతవరకే కొద్దికొద్దిగా త్రాగడం, ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మరసమో తీసుకోవడం క్షేమకరం. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మాటలో తడబాటు, అయోమయం కనిపిస్తే దానిని కేవలం అలసటగా భావించరాదు. సోడియం తగ్గినా, వడదెబ్బ తగిలినా ఈ లక్షణాలు రావచ్చు. అటువంటి వ్యక్తికి మరిన్ని నీళ్లు త్రాగించక, తక్షణమే వైద్యుల వద్దకు చేర్చాలి. ఒళ్లు కాలిపోతూ ఉంటే చన్నీళ్లతో తడుపుతూ చల్లబరచాలి.

ఇంత దూరపు పరుగులో కండరాలలో నిలువ ఉన్న పిండిపదార్థం చాలావరకు ఖర్చవుతుంది. తొలి గంట రెండు గంటలలోపే అరటిపండు, ఇడ్లీ, పెరుగన్నం వంటివి తినాలి. ఆ పూట పప్పో గుడ్డో తోడైతే దెబ్బతిన్న కండరానికి మరమ్మతు సామగ్రి దొరుకుతుంది.

ఒళ్లునొప్పులు సాధారణంగా మరునాటి నుండి మూడవనాటి వరకు తీవ్రంగా ఉంటాయి. మెట్లు దిగడం కష్టమవుతుంది. ఇది కండరపు పోగులలో ఏర్పడిన సూక్ష్మ గాయాల ఫలితం. నొప్పి మాత్రలతో దీనిని అణచివేయాలనుకోవడం ప్రమాదకరం. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు మూత్రపిండాలకు హాని చేయగలవు. మూత్రం ముదురు గోధుమరంగుకు మారినా, చాలా తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లడంలో జాప్యం కూడదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా వైద్యునికి చూపించాలి.

తొలివారం పరుగు మాని, మెల్లని నడకతోను, నిండైన నిద్రతోను గడపాలి. పిదప రెండు మూడు వారాలు తేలికపాటి పరుగు చాలు. పరుగెత్తిన ప్రతి మైలుకు ఒక దినం చొప్పున, అనగా 26 దినాలు, కఠిన సాధనకు దూరంగా ఉండాలన్నది పరుగువీరులలో పాతకాలపు లెక్క. నొప్పి పోయినంత మాత్రాన లోపలి గాయం మానినట్లు కాదు.

అయితే ఆదివారం పరుగెత్తినవారిలో అనేకులు సోమవారం పనికి పోవలసినవారే. దుకాణంలో నిలబడేవారికి, వాహనం నడిపేవారికి, బరువులు మోసేవారికి ఆ దినం పరుగుకంటే కష్టతరం కాగలదు. పరుగుకు పేరు నమోదు చేసుకున్ననాడే సోమవారానికి సెలవు అడిగి ఉంచుకోవడం, అది దొరకనిచోట పూర్తి మారథాన్‌కు బదులు తక్కువ దూరపు పరుగును ఎంచుకోవడం వివేకం. పతకం తెచ్చినవారిని అభినందించే ఇంటివారు ఆ వారం వారి ఇంటిపనిలో కొంత పంచుకుంటే, ఆ అభినందన శరీరానికి కూడా అందుతుంది.