400 కేజీల తేడా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో అందరికీ అర్థమయ్యేలా పది నిమిషాల్లో చెప్పమన్నారు కార్యదర్శిగారు. వంటశాల నుంచి సాంబారు వాసన వస్తోంది కాబట్టి తొమ్మిదిలోనే ముగిస్తాను.

ప్రార్థన అయ్యాక మనం క్లాసుకు ఎలా వెళ్ళేవాళ్ళమో గుర్తుందా? గుమ్మం చిన్నది, ఒకరి వెనక ఒకరం వెళ్ళాలి. సీరియల్ కమ్యూనికేషన్ అంటే అదే. ఒక అక్షరానికి ఏడో ఎనిమిదో బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ, ఒకే తీగ మీద వరసగా పోతాయి. అక్షరం ఎక్కడ మొదలైందో అవతలి యంత్రానికి తెలియాలి కదా! అందుకని ముందు ఒక స్టార్ట్ బిట్ పంపుతారు. మన డ్రిల్లు మాస్టారి ఈల లాంటిదన్నమాట. చివర స్టాప్ బిట్. తీగ మీద సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారగలదో చెప్పే లెక్క బాడ్. ఫ్రాన్సుకు చెందిన టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చిన మాట అది. 9600 వేగంలో, అక్షరానికి అన్నీ కలిపి 10 బిట్లు పడితే, సెకనుకు 960 అక్షరాలు వెళతాయి. రెండువైపులా ఒకే వేగం పెట్టకపోతే తెర మీద చెత్త కనిపిస్తుంది.

ఆర్‌ఎస్-232 అనే పద్ధతి 1960 నుంచీ ఉంది. ఇందులో ఒక పిన్ను మాట్లాడేది, ఒక పిన్ను వినేది. ఉద్యోగంలో చేరిన వారంలో నేను రెండు కంప్యూటర్లను కలిపి, నోటికి నోరు, చెవికి చెవి కట్టి, రోజంతా కూర్చున్నాను. 2, 3 నంబరు తీగలను అటుదిటు మార్చాలని సాయంత్రం టెక్నీషియన్ చెప్పాడు. నవ్వలేదు, అది ఆయన మంచితనం.

తెలుగు మాస్టారు డిక్టేషన్ చెబుతుంటే "ఆగండి మాస్టారూ" అనేవాళ్ళం, ఆగేవారు. "ఊఁ" అంటే మళ్ళీ మొదలుపెట్టేవారు. దాన్ని మేము ఫ్లో కంట్రోల్ అంటాం. అంతకంటే ఏం లేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది పారిటీ గురించి. పంపే బిట్లలో ఒకట్లు ఎన్నున్నాయో చూసి, మొత్తం సరిసంఖ్య అయ్యేలా ఒక బిట్ అదనంగా చేరుస్తారు. దారిలో ఒక బిట్ చెడితే ఒకట్ల లెక్క బేసి అవుతుంది, అవతలివాడు పట్టుకుంటాడు. కూడిక చేశాక కింద నుంచి పైకి మరోసారి కూడి చూడమనేవారు మన లెక్కల మాస్టారు. చూడకపోతే జవాబు సరైనదైనా అర మార్కు కోసేవారు.

1993లో మన ఊరికి దగ్గర్లోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో కాటాకూ కంప్యూటరుకూ తీగ వేసే పని నాకిచ్చారు. కాటా గది నుంచి ఆఫీసుకు 60 మీటర్లు. ఆర్‌ఎస్-232కి 15 మీటర్లు దాటకూడదని పుస్తకంలో చదివాను, పనిచేస్తుందిలే అనుకున్నాను. పైగా తీగను పెద్ద మోటారు కేబుళ్ళు వెళ్ళే కాలువలోనే వేశాం. ఐదారు బళ్ళకోసారి ప్రోగ్రాం "పారిటీ ఎర్రర్" అని ఆగిపోయేది. మళ్ళీ తూయాలి. వెనక చెరకు ట్రాక్టర్లు రోడ్డు దాకా. సూపర్‌వైజరు అరుపులు. ఆ రాత్రి ప్రోగ్రాంలో ఒక లైను మార్చాను: పారిటీ తప్పినా పట్టించుకోవద్దు. క్యూ చకచకా కదిలింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మూడో రోజు మన బ్యాచ్ వాడే ఒకడు, ఇప్పుడు మూడో వరసలో ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు, చీటీ పట్టుకుని వచ్చాడు. "ఒరేయ్ ఇంజనీరూ, కాటా మీద 9540 చూశాను. నీ కాగితంలో 9140 ఉందేంట్రా?" అన్నాడు.

5 అంకెను 0110101 అని పంపుతారు. మధ్యలో ఒక్క ఒకటి సున్నా అయితే 0110001 అవుతుంది, అంటే 1. ఒక్క బిట్‌కు 400 కేజీల చెరకు పోయింది. ఒకట్లు నాలుగు ఉండాల్సింది మూడయ్యాయి. పారిటీ చెబుతూనే ఉంది, దాని నోరు నొక్కింది నేను.

మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి తప్పు నాదే అన్నాను. చీటీలతో వచ్చినవాళ్ళకు తేడా కట్టించారు. బరువు ఎక్కువ పడినవాళ్ళు మాత్రం ఎవరూ రాలేదు! కాటా పాత తూకాలు దాచుకోదు కాబట్టి, ఆ మూడు రోజుల్లో ఇంకెంతమందికి తక్కువ పడిందో నాకీనాటికీ తెలియదు. అంకె చూసుకోవడం రాని రైతులు చాలామంది ఉండేవారు ఆ క్యూలో.

తర్వాత తీగ మార్చి ఆర్‌ఎస్-485 వేశాం. ఒకే సంకేతాన్ని రెండు తీగల మీద ఎదురెదురుగా పంపి, వాటి తేడా మాత్రమే చూస్తారు. మోటారు రొద రెంటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడాలో కొట్టుకుపోతుంది. 1200 మీటర్ల దాకా పనికొస్తుంది. రెండు బిట్లు ఒకేసారి చెడితే పారిటీకి దొరకదు, అందుకని చివర చెక్‌సమ్ కూడా పెట్టాం. మోటార్ల కాలువ వదిలేసి వేరే కాలువ తవ్వించాం. ఖర్చు గురించి ఈసారి ఎవరూ అరవలేదు.

వచ్చే శనివారం నుంచి మన బడి కంప్యూటరు గదిలో తొమ్మిదో తరగతి పిల్లలతో రెండు యంత్రాలు, మూడు తీగలు పెట్టి ఇదంతా చేయించబోతున్నాను. ఒక తీగను కావాలనే చెడగొట్టి ఏమవుతుందో వాళ్ళనే చూడమంటాను. వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ ఉన్న పాత కంప్యూటరు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే, భోజనాల దగ్గర నాకు చెప్పండి. నేనే వచ్చి దింపుకుంటాను.