నిలుచుండి నడుపు నీటిబండియు దాని పంపును



తెడ్డు, గడ, తెరచాప, చుక్కాని – పడవకు సంబంధించిన ఈ సాధనములన్నియు మన మెఱిగినవే. నేడు నేను చెప్పబోవు వాహనమునకు వీనిలో నొక్కటియు లేదు. దీనిని జెట్ స్కీ యందురు. కూర్చుండి నడుపునవియు గలవు గాని, నా ప్రసంగము నిలుచుండి నడుపు దానిని గూర్చి. అమెరికాలో క్లేటన్ జేకబ్‌సన్ అను మోటారుసైకిలు పందెగాడు 1960 దశకమున దీనిని ఊహించెను. జపానుదేశపు కవాసాకీ సంస్థవారు 1973లో విక్రయమునకు దెచ్చిరి. నీటిని పీల్చి వెనుకకు చిమ్ము పద్ధతి మాత్రము అంతకంటె పాతది. న్యూజీలాండులోని లోతులేని యేళ్ళలో పడవల మరచక్రములు రాళ్ళకు దగిలి విఱుగుచుండగా, విలియం హామిల్టన్ అను నాతడు 1954లోనే చక్రమును విడిచి పంపును బిగించి చూచెను.

పడవ యడుగున నొక నోరు, దానికి ఇనుపకమ్ముల చట్రము. లోపల ఇంజను త్రిప్పు ఇంపెల్లరు. మన పొలములలోని మోటారు పంపులకు నుండునదే యీ పేరు. కాని ఇది నీటిని ప్రక్కకు విసరక తిన్నగా వెనుకకు నెట్టును. త్రిప్పబడిన నీరు సుడులు తిరుగును గనుక వెనుక కదలని రెక్కలుండి ఆ సుడిని మాన్పును. పిమ్మట గొట్టము సన్నగిలి మూతి యగును. ధార వెనుకకు వెడలును, పడవ ముందునకు సాగును.

ఇందు కొంచెము లెక్క కలదు; ఓపికతో వినుడు. సెకనునకు 50 కిలోల నీరు, సెకనునకు 20 మీటర్ల వేగముతో వెడలుచున్నదనుకొందము. నిలిచియున్న పడవకు కలుగు నెట్టుబలము వెయ్యి న్యూటనులు, అనగా ఇంచుమించు క్వింటాలు బస్తాను ఎత్తి నిలుపు బలము. మూతిని వెడల్పు చేసి 100 కిలోల నీటిని 10 మీటర్ల వేగముతో పంపినను బలమంతే; పైగా నీటికి ఇయ్యవలసిన శక్తి సగమే! అట్లయిన వెడల్పు మూతియే మేలుగదా యందురేమో. పడవ స్వయముగా సెకనునకు 10 మీటర్ల వేగమందుకొన్న పిదప చూడుడు. రెండవ ధారకును పడవకును వేగభేదము లేదు, నెట్టుబలము సున్న. మొదటి ధారకు ఇంకను సగము బలము మిగులును. కావున వెడల్పు మూతి కదలుటకు, సన్నని మూతి పరువునకు. రెండును ఒక్క మూతివలన నిండుగా దొరకవు.

అయినను మూతిని ముట్టుకొనుటకు ముందు చూడవలసినవి వేఱు కలవు. బలము తగ్గెననగానే ఇంజను భాగములు కొనుటకు పరువెత్తు యువకులు పెక్కుమంది. డబ్బు చేతనున్నప్పుడు ఆలోచన కొంత ఆలస్యముగా వచ్చును!

మొదట చూడవలసినది ఇంపెల్లరు రెక్కల కొనలకును, దానిచుట్టు నుండు అఱుగుడు కడియమునకును నడుమ సందు. క్రొత్తదానియందు ఇది మిల్లీమీటరులో మూడవవంతు ప్రాంతమున నుండును. 0.6 మిల్లీమీటరు దాటినచో కడియమును మార్చవలెనని యంత్రముతో వచ్చు పుస్తకములు సామాన్యముగ చెప్పును. యమహావారి పాత సూపర్‌జెట్టు పంపు 144 మిల్లీమీటరుల వెడల్పు. అంతటి దానిలో వెండ్రుకలవంటి సందు ఏమి చేయునని తోచవచ్చును. కాని రెక్క వెనుక ఒత్తిడి హెచ్చు, ముందు తక్కువ. నెట్టిన నీరు ఆ సందునుండి వెనుదిరిగి మరల ముందునకే వచ్చును. ఇంజను దానినే మాటిమాటికి నెట్టుచుండును. ఇసుక పీల్చిన పంపులకు ఈ తెగులు త్వరగా బట్టును. పలుచని ఉక్కురేకుల కొలబద్దతో ప్రతి రెక్కవద్దను సందు కొలువవలెను. ఒకవైపు హెచ్చు, ఒకవైపు తక్కువగా నున్నచో బేరింగు అఱిగినదేమో చూడవలెను. రెక్కల అంచులకు రాళ్ళు తగిలి నొక్కులు పడినచో, వానిని సరిచేయక క్రొత్త కడియము వేయుట వ్యర్థము.

రెండవది గాలి. మన నూతి పంపు పీల్చు గొట్టపు అతుకున గాలి పట్టినచో నీరు రాదని, పేడనీళ్ళు పోసి తంటాలు పడిన రైతులకు నేను చెప్పనక్కఱలేదు. ఇచ్చటను అంతే. పంపునకును పడవ యడుగునకును నడుమ అతుకులను సిలికోను బంకతో సందులేక మూయవలెను. గాలి దూరకున్నను మఱియొక చిక్కు గలదు: నోటియొద్ద అడ్డంకివలన ఒత్తిడి మిక్కిలి తగ్గినచో వేడిలేకయే నీరు మరిగి బుడగలగును. ఆ బుడగలు రెక్కపై చితికి లోహమునే తొలిచివేయును.

ఈ రెండును చక్కబడిన పిదపనే రెక్కల వాలు సంగతి. వాలు హెచ్చైన ఇంజను బరువు మోయలేక తన పూర్తివేగమందుకొనదు. తగ్గిన ఊరక గిరగిర తిరుగును. మీట పూర్తిగ నొక్కినపుడు ఇంజను తన గరిష్ఠబలపు చుట్లకు చేరుచున్నచో వాలు సరిపోయినట్లు.

ఇదంతయు వేగపు వేడుక కొఱకేయని తలపరాదు. చుక్కాని లేని యీ పడవను మఱల్చునది ఆ ధారయే. మూతి చివరనున్న తొడుగు ధారను ప్రక్కకు త్రిప్పగా పడవ తిరుగును. ధార లేనిచో చేతికాడి నెంత త్రిప్పినను ఇంచుమించు తిన్నగనే పోవును. ఎదుట ఈదువాడు కనబడగానే క్రొత్తవాడు బెదరి మీట విడుచును, ధార ఆగును, పడవ వానిమీదికే పోవును. అఱిగిన పంపు గలవాడు మీట విడువకున్నను తగినంతగా మఱలలేడు. అందుచే పంపు విప్పి బిగించినపుడెల్ల, స్నానము చేయువారికి దూరముగ, మొదట మెల్లగా రెండువైపులకు త్రిప్పి చూడవలెను. నోటిలో నాచు చిక్కినచో ఇంజను ఆపి, మణికట్టునకు గట్టుకొన్న ఆపుడుత్రాటిని ఊడదీసిన తరువాతనే చేయి పెట్టవలెను.