నాయన ఫ్లాపీలో చిక్కుకున్న మాటలు

పట్టాలు అందుకున్న పిల్లలందరికీ నా అభినందనలు.

నాదీ ఈ నెల్లూరు తీరమే. మీలో చాలామంది రొయ్యల గుంటల గట్ల మీద పెరిగినవాళ్లు, వేట పడవ ఇంటికి చేరే వేళను బట్టి అన్నం తిన్నవాళ్లు. కంప్యూటర్ సైన్సు చదివి ఇప్పుడు హైదరాబాదుకో బెంగళూరుకో బయల్దేరుతున్నారు. ఎవరైనా తెరిచి చూసి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం లినక్స్ గురించి మీకు చెప్పాలని వచ్చాను. ముందు మా నాయన గురించి చెప్పాలి. ఆయన కథ లేకుండా ఈ విషయం నాకు పట్టేది కాదు.

మా నాయన బడిపంతులు. మైపాడు, ఇసకపల్లి, కోడూరు, తూపిలిపాళెం, ఇలా పల్లె పల్లె తిరిగి సముద్రం పని చేసేవాళ్ల మాటలు పోగుచేశారు. చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు, పడవలో ఒక్కో కొయ్యకు ఉండే పేరు. ఒడ్డు నుంచి అలివి వల లాగేటప్పుడు పాడే పదాలు కూడా. ఆయన నోటుపుస్తకం చూసి ఒక పెద్దాయన, "అయ్యోరా, గాలి పేరు రాసుకుంటే గాలి తెలవదు, పడవెక్కి రావాల" అన్నాడట. మా నాయన మర్నాడే పడవెక్కారు. మూడు రోజులు వాంతులు చేసుకుని, నాలుగో రోజు మళ్లీ ఎక్కారు.

1997లో ఆ పుస్తకం రాత పూర్తయింది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ షాపులో టైపు చేయించారు. నెలన్నర పాటు సాయంత్రం బడి వదలగానే బస్సెక్కి వెళ్లి, ఆపరేటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. ప్రూఫులు ఎర్ర ఇంకుతో దిద్దేవారు. అచ్చుకు డబ్బు కుదరలేదు. రెండు ఫ్లాపీలు రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టారు. 2009లో ఆయన పోయారు.

2011లో ఆ ఫ్లాపీలు తీశాను. పాత డ్రైవు ఒకటి సంపాదించి ఫైలు తెరిచాను. తెర నిండా డాలరు గుర్తులు, కామాలు, నెత్తిన చుక్కలున్న ఏవో ఐరోపా అక్షరాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. టైపు చేసిన తెలుగు సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక డాంగిల్ అనే తాళంచెవి ముక్క గుచ్చాలి. షాపు మూతపడి ఏళ్లయింది, డాంగిల్ ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ వెర్షన్ ఇప్పుడు అమ్మడం లేదన్నారు. పుస్తకం మా నాయన రాసిందే, మాటలు ఈ తీరం జనానివే. తాళంచెవి మాత్రం మూడోవాళ్ల దగ్గర ఉంది.

ఎందుకిలా జరిగిందో మీకు తెలిసే ఉండాలి, అయినా చెప్తాను. అప్పటి ఫాంటులో 256 గళ్లే. ఇంగ్లీషు అక్షరాల కోసం చేసిన ఆ గళ్లలో మనవాళ్లు తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వొత్తులు ఇంకొకచోట ముక్కలుగా సర్దారు. ఎవరి సర్దుబాటు వాళ్లది. ఏ గడిలో ఏముందో బయటికి చెప్పరు. తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడూ ఇదే పద్ధతి, పత్రికకో ఫాంటు. ఆ పేజీల్లో ఒక తెలుగు మాట వెతకాలంటే దొరికేది కాదు. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అది మన ఇళ్లదాకా రావడానికి పదిహేనేళ్లు పైనే పట్టింది.

నన్ను ఒడ్డున పడేసింది 'పద్మ'. వెన్న నాగార్జున చేసిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు పొడిగింత అది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసినవారు కూడా ఆయనే. పత్రికల సొంత ఫాంటుల్లో ఉన్న పేజీని పద్మ అక్కడికక్కడ యూనికోడ్‌లోకి మార్చేది. ఫైర్‌ఫాక్స్ లోపలి నిర్మాణం అందరికీ తెరిచి ఉంది కాబట్టే బయటివాడు దానికి అలాంటి పొడిగింత రాయగలిగాడు. నేను పద్మ సోర్సు కోడ్ తెరిచి చూశాను. లోపల పట్టికలు. ఈ సంకేతం వస్తే ఈ అక్షరం, ఈ రెండూ పక్కపక్కన వస్తే ఫలానా వొత్తు. మా నాయన ఫాంటుకు పట్టిక అందులో లేదు. కానీ పట్టిక ఎలా రాయాలో ఉంది. మార్చుకోవడానికి లైసెన్సు అనుమతీ ఉంది.

ఎర్ర ఇంకు ప్రూఫులు ఒక చేతిలో, తెర ఎదురుగా. కాగితం మీద 'వంజరం' అని ఉన్నచోట తెర మీద ఏ గుర్తులున్నాయో చూడడం, రాసుకోవడం. 'చందువ'. 'కానాగంత'. 'కవళ్లు'. 'ళ్లు' దగ్గర రెండు రాత్రులు పోయాయి. ఇరవై రోజులకు మొదటి పేజీ తప్పుల్లేకుండా తెరమీద నిలిచింది. మా అమ్మను పిలిచి చూపించాను. ఆమె చదవలేదు, తెర మీద చెయ్యి పెట్టింది.

పిల్లలూ, లినక్స్ గొడవ అంటే నాకు ఇదే. ఏ సిస్టం వేగంగా నడుస్తుంది, ఎవరి తెర అందంగా ఉంటుంది అనే వాదనలు మీ హాస్టల్ గదుల్లో చాలా జరిగి ఉంటాయి. జరగాలి కూడా. నేను అడిగేది మరొకటి. మీరు రోజూ వాడే వస్తువు పాడైతే తెరిచి చూసే హక్కు మీకుందా?

ఈ తగువు పాతదే. 1976లో ఇరవయ్యేళ్ల బిల్ గేట్స్ అభిరుచితో కంప్యూటర్లు వాడేవాళ్లకు బహిరంగ లేఖ రాసి, డబ్బివ్వకుండా సాఫ్ట్‌వేర్ కాపీ చేసుకోవడం దొంగతనమన్నాడు. శ్రమపడి రాసినవాడికి డబ్బు రావాలనే ఆయన వాదనలో న్యాయం లేదని నేననను. మరోవైపు ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఒక ప్రింటర్ తగిలింది. కాగితం ఇరుక్కుంటే కబురు పంపేలా దాన్ని మార్చుకుందామంటే సోర్సు కోడ్ ఇవ్వబోమన్నారు. 1983లో ఆయన, అందరూ తెరిచి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టం కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ తోర్వాల్డ్స్, వయసు 21, ఆపరేటింగ్ సిస్టానికి గుండెకాయ లాంటి కెర్నెల్ రాశాడు, అదే లినక్స్. ఈరోజు మీరు ఉన్న వయసే అది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను కాన్సర్‌తో పోల్చాడు. 2014లో ఆ కుర్చీలోకి వచ్చిన మన హైదరాబాదు సత్య నాదెళ్ల, మాకు లినక్స్ అంటే ప్రేమ అని వేదికెక్కి చెప్పారు. ఇప్పుడు కావాలంటే విండోస్ లోపలే లినక్స్ కెర్నెల్ నడుపుకోవచ్చు.

అయితే లినక్స్ గెలిచినట్టేనా? 2017 నుంచి ప్రపంచంలో అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నదీ అదే కెర్నెల్. కానీ వేరే సిస్టం ఎక్కించుకోకుండా ఆ ఫోన్ బూట్‌లోడర్‌కు తాళం వేసి ఇస్తారు. మీ ఫైళ్లు ఎక్కడో సర్వర్‌లో ఉంటాయి, ఆ సర్వర్ మీద లినక్స్ నడిచినా దాని మీద మీకు అధికారం ఏమీ లేదు. లినక్స్ గెలిచింది, వాడేవాడు గెలవలేదు. అందుకే నాకు డెస్క్‌టాప్ మీద ఇంత పట్టుదల. బల్ల మీది ఆ ఒక్క యంత్రానికి ఇంకా మీరు యజమాని కాగలరు. సరిగ్గా అక్కడే లినక్స్ వెనకబడింది. నూటికి నాలుగైదు కంప్యూటర్లకు మించి లేదు.

కారణం ఒక వైపే వెతకడం న్యాయం కాదు. కొత్త కంప్యూటర్ పెట్టె విప్పితే లోపల విండోస్ ఉంటుంది, ఉన్నదాన్ని మార్చేవాడు తక్కువ. కంప్యూటర్ తయారీదారులతో కుదుర్చుకున్న ఒప్పందాలతో మైక్రోసాఫ్ట్ తన గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలబెట్టుకుందని 2001లో అమెరికా అప్పీలు కోర్టు కూడా ఒప్పుకుంది. కానీ మన లినక్స్‌వాళ్ల తప్పులూ ఉన్నాయి. వైఫై పట్టలేదు, ప్రింటర్ పలకలేదు అని కొత్తవాడు అడిగితే, ముందు మాన్యువల్ చదువుకుని రా అని కసిరినవాళ్లు ఎంతమందో. నెల్లూరులో లెక్కలు రాసే గుమాస్తాకు ట్యాలీ కావాలి, డీటీపీ ఆపరేటర్‌కు తన పాత తెలుగు కీబోర్డు కావాలి. అవి లేకుండా స్వేచ్ఛ గురించి ఎంత చెప్పినా వాళ్ల పొద్దు గడవదు. మరో మాట కూడా చెప్పాలి, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే చాలామంది మొదటిసారి యూనికోడ్ తెలుగు చూశారు. నేనూ అంతే.

అయినా మన భాషకు జరిగిన మేలు లెక్కవేస్తే తెరిచి ఇచ్చినవాళ్ల చేయే పైన ఉంటుంది. హ్యూస్టన్ రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారుచేశారు. తర్వాత వీవెన్ దాని మీద 'లేఖిని' అనే టైపింగ్ పరికరం కట్టారు. బ్లాగులు రాసిన తరంలో చాలామంది ఆ లేఖినిలో వేళ్లు తిప్పినవాళ్లే. దేశికాచార్యులు పోతన, వేమన ఫాంటులు ఉచితంగా ఇచ్చారు. 2005లో హైదరాబాదులో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పలికే లినక్స్ తెచ్చింది, చిన్నపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' చేసింది. అందులో మెనూలు తెలుగు చేసినవాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులు ఎందరో ఉన్నారు. మనకు పక్కనే చెన్నైలో ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో 'బాస్' లినక్స్ విడుదల చేసింది. తమిళనాడు ప్రభుత్వం పిల్లలకు పంచిన లాప్‌టాప్‌లలో విండోస్ పక్కన అదీ ఉండేది. కేరళ ప్రభుత్వ బడుల సంగతి మీకు తెలుసు, అక్కడి పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

ఇక్కడి తల్లిదండ్రులకు ఈ మాటలన్నీ కొత్తగా ఉండొచ్చు. కానీ మూలం ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో మా అందరికంటే మీకే బాగా తెలుసు. ఒకప్పుడు మొలగొలుకుల వరి విత్తనం ఇంటి గాదెలోనే ఉండేది. పక్క చేను ఆయనకు కావాలంటే కొలిచి ఇచ్చేవాళ్లు. ఆయన చేలో బాగా వచ్చిన కంకులు మళ్లీ మీ ఇంటికి వచ్చేవి. టైగర్ రొయ్యకు కూడా తల్లి రొయ్య మన సముద్రంలోనే దొరికేది. తొంభైల నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఎండబెట్టిన రోజులు మీరు చూశారు. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. దిగుబడి వచ్చింది, అప్పులు తీరాయి, ఈ హాల్లో కొందరి ఫీజులు కూడా వెనామీయే కట్టింది. కానీ దాని బ్రూడర్లు, అంటే తల్లి రొయ్యలు, ఎక్కువగా విదేశీ కంపెనీల దగ్గర నుంచి విమానంలో రావాలి, చెన్నైలో క్వారంటైన్ దాటాలి, ఆ తర్వాతే హ్యాచరీకి. మీ గుంటలో ఎంత మంచి రొయ్య పెరిగినా రేపటి సీడ్, అంటే రొయ్యపిల్లలు, మాత్రం కొనుక్కోవాల్సిందే. జబ్బు లేని సీడ్ కావాలంటే ఆ కట్టుదిట్టం అవసరమే, కాదనను. మేత చూసే చెక్ ట్రే ఎత్తి చూసుకునే ప్రతి రైతుకూ మాత్రం తన పంట మూలం ఎవరి చేతిలో ఉందో తెలుసు. పిల్లలూ, రేపు ఆఫీసులో కూర్చునే మీకు ఆ తెలివిడి ఉండాలని నా కోరిక.

మీలో ఎక్కువమంది చేరబోయేది సోర్సు కోడ్ మూసి అమ్మే కంపెనీల్లోనే. చేరండి. ఇంట్లో అప్పులున్నాయి, చెల్లెలి చదువు ఉంది. అక్కడా మంచి పనివాళ్లున్నారు, మంచి పని నేర్పుతారు. నేను మిమ్మల్ని అడిగేవి చిన్నవే. మీరు రాసే ప్రోగ్రాం జనం సమాచారాన్ని దాచేదైతే, ఆ సమాచారం అందరికీ తెలిసిన ఫార్మాట్‌లో బయటికి తీసుకునే దారి పెట్టమని మీటింగులో ఒక్కసారైనా గొంతెత్తండి. ఆ దారి 1997లో ఎవరో ఒకరు పెట్టి ఉంటే మా నాయన ఫైలు నాలుగు నిమిషాల్లో తెరుచుకునేది.

ఇంకొకటి, మన ఊళ్ల సంగతి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. 2018కి ముందటి ప్రాసెసర్లలో చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో, సహకార సంఘాల్లో బాగా పనిచేస్తున్న పెట్టెలు మూలకు చేరతాయి. మెమరీ కాస్త ఉంటే వాటి మీద లినక్స్ ఇంకా కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. పండక్కి ఊరొచ్చినప్పుడు లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో పెట్టుకు రండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, ప్రింటర్ పలికిందో లేదో, తెలుగు సరిగా పడిందో లేదో చూడండి, హెడ్మాస్టరు ఫైళ్లన్నీ కాపీ తీశాకే ఇన్‌స్టాల్ చేయండి. చేసి వెళ్లిపోకండి. మీ ఫోన్ నంబరు అక్కడ గోడ మీద రాసి వెళ్లండి. లినక్స్ బడుల్లో నిలవకపోతే తరచూ కారణం అదే, పెట్టినవాడు మళ్లీ కనపడడు.

మా నాయన పుస్తకం సంగతి చెప్పి కూర్చుంటాను. పదకొండు పేజీలు తప్ప మొత్తం బయటికి వచ్చింది. ఆ పదకొండు పేజీల ప్రూఫులు వరద నీళ్లలో పోయాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఒకే సంకేతానికి రెండు ఫాంటు ఫైళ్లలో రెండు రూపాలు ఇచ్చింది. ఏ మాట ఏ ఫైలుదో చెప్పే భాగం ఫ్లాపీలో చెడిపోయింది. అందుకని కొన్ని మాటలకు రెండేసి రూపాలు వస్తున్నాయి. రెండూ తెలుగులాగే ఉంటాయి. ఏది సరైనదో ప్రోగ్రాం చెప్పలేదు, నేనూ చెప్పలేను. అవి అలివి వలలో తాళ్లకు, ముడులకు ఇసకపల్లి వైపు వాడే పేర్లు. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లు, మీ అమ్మానాయనలతో సహా, సభ అయ్యాక ఒక్క పది నిమిషాలు ఆగండి. పేజీలు ప్రింటు తీసి సంచిలో తెచ్చాను. పెన్సిలూ తెచ్చాను.