ఎనిమిదో ఏడు కూడా చూడండి

 

జింకు లోపించిన మడిలో ఎంత యూరియా చల్లినా వరి తేరుకోదని రైతు బిడ్డలకు వేరే చెప్పక్కర్లేదు. అవసరానికి ఏది అందడం లేదో, ఎదుగుదల దాని దగ్గరే ఆగిపోతుంది. 19వ శతాబ్దంలో జర్మనీ శాస్త్రవేత్తలు స్ప్రెంగెల్, లీబిగ్ పైరు గురించి చెప్పిన ఈ సూత్రం వాగులో నాచుకూ వర్తిస్తుంది.

వాగుకు ఏది తక్కువో కనుక్కోవడానికి ఓ తేలికైన పద్ధతి ఉంది. నాలుగు చిన్న మట్టి కుండీలు తీసుకుంటారు. కాచి చల్లారిస్తే జెల్లీలా గట్టిపడే అగర్‌లో నత్రజని కలిపి ఒకదానిలో, భాస్వరం కలిపి మరోదానిలో, రెండూ కలిపి మూడోదానిలో పోస్తారు. నాలుగోదానిలో ఉత్త అగరే. అది గట్టిపడ్డాక మూతులు మూసి, కొన్ని వారాలు వాగు అడుగున ఉంచుతారు. పోషకాలు కుండీ గోడలోంచి చెమ్మలా ఊరుతాయి. భాస్వరం ఉన్న కుండీలే పచ్చగా జిగురెక్కితే ఆ వాగుకు కొరత భాస్వరానిదే. నాలుగూ ఒకేలా ఉంటే చెట్ల నీడలాంటి మరో కారణం వెతకాలి.

అలాస్కా ఉత్తరాన కుపారుక్ అనే నది ఉంది. అందులో భాస్వరం బహు తక్కువ. 1983 నుంచి వేసవి వేసవికీ శాస్త్రవేత్తలు ఆ నీటిలోకి ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వదిలారు. వెయ్యి లీటర్లకు భాస్వరం గ్రాములో నూరో వంతు, అంతే! మొదట రాళ్లకు నాచు పట్టింది. దాన్ని మేసి పురుగులు, వాటిని తిని గ్రేలింగ్ చేపలు ఏపుగా ఎదిగాయి. శాస్త్రవేత్తలు అప్పుడే మూటాముల్లె సర్దుకుని ఉంటే, నదికి మేలు జరిగిందనే రాసుకునేవారు. వాళ్లు వదల్లేదు. సుమారు ఎనిమిదేళ్లకు మాస్ (moss) అనే చిన్న మొక్కలు నది అడుగున రాళ్లను కమ్మేశాయి. అక్కడ బతికే పురుగుల తీరే మారిపోయింది. అన్నాళ్లూ ఆ నదికి కాపలా కాసింది ఆ కొరతేనని అప్పుడు తెలిసింది.

ఆ కాపలా లేని మన డెల్టా కాలువల్లో గుర్రపుడెక్కను ఏటా తీయిస్తాం, ఏటా అల్లుకుంటుంది. ఆకును తీస్తున్నాం గానీ, పొలాల ఎరువు, ఊళ్ల మురుగు రూపంలో దానికి మేత పెట్టడం ఆపడం లేదు.

పట్టాలు అందుకున్న విద్యార్థులారా, ఏది తక్కువో, ఏది ఎక్కువో తెలుసుకోకుండా దేనికీ మందు వేయకండి. తొలి ఫలితం చూసి వెనుదిరగకండి. ఈ సెలవుల్లో మీ ఊరి కాలువలో ఓ రాయి పైకి తీసి, బొటనవేలితో రుద్ది చూడండి. కనిపించింది రాసుకోండి. వచ్చే ఏడూ వెళ్లండి. ఎనిమిదో ఏడు కూడా వెళ్లండి.