బస్తర్ పసిబిడ్డలు – అలర్జీ నివారణ



బస్తర్ అటవీ గ్రామాలలో శిశు ఆరోగ్యమనగానే మలేరియా, పోషకాహార లోపమే స్ఫురిస్తాయి. అలర్జీ పట్నవాసుల వ్యాధియని పలువురి భావన. కాని కట్టెపొయ్యి పొగకు ఉబ్బసం ప్రకోపించే బిడ్డకు అడవిగాలి ఒక్కటే రక్ష కాజాలదు.

మొదటి ఆరు మాసాలు తల్లిపాలే ఆహారం. అటుపిమ్మట అనుబంధాహారం ఆరంభించాలి. అలర్జీ భయంతో గ్రుడ్డు, వేరుశనగ వంటివి పసివారికి ఏండ్ల తరబడి పెట్టరాదని ఒకప్పుడు వైద్యులే బోధించారు. 2015లో వెలువడిన లండన్ పరిశోధన ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసింది. అలర్జీ ముప్పు అధికంగా గల 640 మంది శిశువులను పరిశీలించగా, వేరుశనగకు దూరముంచిన వారిలో 17.2 శాతానికి ఐదవయేట ఆ అలర్జీ కనిపించింది. శైశవం నుండి తిన్నవారిలో 3.2 శాతానికే పరిమితమైంది.

పౌష్టికాహారం కొరవడిన ప్రాంతానికి ఈ సత్యం మరింత విలువైనది. అనవసరపు పథ్యం బిడ్డ బలాన్ని హరిస్తుంది. అయితే గింజలు గొంతుకు అడ్డుపడే ప్రమాదమున్నది. మెత్తగా నూరి జావలో కలిపి పెట్టాలి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న శిశువుకు ముందుగా వైద్యుని సలహా అవసరం. తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం కలిగితే జాగుచేయక ఆసుపత్రికి చేర్చాలి.

పొయ్యిని పసిబిడ్డ పడుకునే చోటికి దూరంగా ఉంచడం, ఇంట పొగత్రాగకుండుట ఖర్చులేని నివారణోపాయాలు.